మా తమ్ముని మోటారు సైకిలు

గత సంవత్సరము కళాశాల కమిటీ పెద్దలు నన్ను పిలిచి, మన షెడ్డులో సైలెన్సర్లు మార్చిన మోటారు సైకిళ్లు ఎక్కువైనవనీ, విద్యార్థులకు రెండు మంచి మాటలు చెప్పవలసినదనీ కోరినారు. తెలుగు బోధించువాడు చెప్పితే మందలింపు కూడా మెత్తగా ఉంటుందని వారి నమ్మకము కాబోలు. సరేనన్నాను గాని, చెప్పలేదు. ఎందుకు చెప్పలేకపోయినానో ఈ పుటలలో విన్నవించుకుంటాను.

మా అబ్బాజాన్ కర్నూలులో, కొండారెడ్డి బురుజుకు కొంత దూరాన, ముప్పై ఏండ్లు మోటారు సైకిళ్లు బాగు చేసినారు. ఊరివారందరికీ ఆయన ఉస్తాద్. ఇంజను చప్పుడు వినగానే తల ఒకవైపు వంచి, కార్బొరేటరు స్క్రూను పావు చుట్టు తిప్పి, "ఇప్పుడు పో" అనేవారు. సెలవులలో నేనూ మా తమ్ముడూ ఆయనకు పానాలు అందించినవాళ్లమే. పిమ్మట నేను తిరుపతిలో ఎం.ఏ. చదివి ఈ వృత్తిలోనికి వచ్చినాను. తమ్ముడు ఇంజనీరింగు చదివి కాలిఫోర్నియా రాష్ట్రములోని శాన్ హోసే నగరానికి పోయినాడు.

అక్కడ వాడు 2022లో ఒక పాత మోటారు సైకిలు కొన్నాడు. 2009 నాటిది, కార్బొరేటర్లతో నడిచేది. నెల తిరగకముందే ఫోను చేసినాడు.

"భాయిజాన్, అరగంట నడిస్తే ఆగిపోతోంది. పొద్దున చోక్ లేకుండా లేవదు. ఇది కాలిఫోర్నియా బండి, సీటు కింద అంతా గొట్టాలే. ఒక దోస్తు అన్నీ పీకేసి మూతలు బిగించమంటున్నాడు."

కాలిఫోర్నియా బండి అంటే ఏమిటో ఆ రోజే నాకు తెలిసినది. ఆ కాలపు కంపెనీలు పలు నమూనాలను రెండు విధములుగా చేసేవి: మిగిలిన అమెరికా అంతటికీ ఒకటి, ఆ ఒక్క రాష్ట్రానికి మరొకటి. ఆ రెండవ దానిలో బొగ్గు నింపిన డబ్బా ఒకటి ఉంటుంది. నిలిచి ఉన్న బండి ట్యాంకులో పెట్రోలు ఎండకు ఆవిరియై గాలిలో కలిసిపోకుండా ఆ బొగ్గు పట్టి ఉంచుతుంది. ఇంజను నడిచినప్పుడు ఆ ఆవిరిని ఇంజనే పీల్చి కాల్చివేస్తుంది. నిలిచిన బండి కూడా గాలిని చెరుపుతుందన్న సంగతి, ఉస్తాద్ కొడుకునైన నాకు అంతవరకు తోచలేదు.

ఆ రాష్ట్రానికి అంత పట్టుదల ఎందుకంటే, దానికొక కథ ఉన్నది. 1943 జూలైలో లాస్ ఏంజిలిస్ నగరాన్ని కండ్లు మండించే పొగ కమ్మినది. యుద్ధకాలము గనుక శత్రువులు విషవాయువు వదలినారేమోనని కూడా కొందరు భయపడినారు. అనాసపండు వాసనలోని రసాయనాలను పరిశీలిస్తూ ఉండిన హాగెన్-స్మిట్ అనే ఆచార్యుడు, 1950ల తొలి నాళ్లలో అసలు సంగతి బయటపెట్టినాడు. కాలని పెట్రోలు ఆవిరి, ఇంజను పొగలోని నైట్రోజను ఆక్సైడులు సూర్యరశ్మిలో కలిసి ఓజోను పుట్టిస్తున్నవి. చుట్టూ కొండలుండుట వలన అది కదలిపోదు. 1967లో ఆ రాష్ట్రము గాలి కొరకే ఒక ప్రత్యేక మండలిని ఏర్పరచుకున్నది. ఆ అనాసపండు ఆచార్యుడే దానికి తొలి అధ్యక్షుడు. (వాహనాల పొగను మనము నేడు 'ఉద్గారము' అంటున్నాము. పాత నిఘంటువు తెరిస్తే ఆ మాటకు త్రేన్పు అని అర్థము. ఎవరు ఎన్నుకున్నారో గాని, చక్కని మాట.)

ఇక తమ్ముని సంగతి. పీకేయమని చెప్పుటకు నోటిదాకా వచ్చినది. నేనూ ఆ పనే చేసి ఉండినాను గదా! 2017లో నేను కొన్న బండి, ఆ ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమలైన బి.ఎస్.-4 నిబంధనల ప్రకారము తయారైనది. పికప్ తక్కువని 2018లో ఒక షాపుకు తీసుకుపోయినాను. పొగను శుద్ధిచేసే జాలీ ఉన్న సైలెన్సరు తీసివేసి, ఖాళీ గొట్టము వంటిది బిగించి, పెట్రోలు పాలు పెంచి ఇచ్చినారు. ఆ సాయంత్రము ఇంటి ముందర నిలిపి, అబ్బాజాన్ మెచ్చుకుంటారని యాక్సిలేటరు తిప్పినాను.

ఆయనకు అప్పటికే ఊపిరి అందేది కాదు. వైద్యులు కారణాలు పలు చెప్పినారు. వాకిట కుర్చీలో కూర్చున్న ఆయన దగ్గుతూ లేచి, కుర్చీ తానే ఎత్తుకొని లోపలికి పోయి, కిటికీ మూసుకున్నారు. రాత్రి అన్నము దగ్గర ఒకే మాట అడిగినారు: "బేటా, పాతది ఎక్కడ పెట్టినావు?" షాపువానికే ఇచ్చి వచ్చినానని చెప్పినాను. ఆయన మరేమీ అనలేదు. అటుపిమ్మట నేను బండిని వీధి మలుపు దాకా తోసుకొనిపోయి స్టార్టు చేసేవాడిని. 2020లో ఆయన పోయినారు. బండి మాత్రము అలాగే ఉండినది.

అందువలన తమ్మునికి జవాబు చెప్పుటకు ముందు, ఆయన ఏమడిగేవారో ఆలోచించినాను.

"ఆగిపోయినప్పుడు ట్యాంకు మూత తీసి చూడు. బుస్సుమని గాలి లోపలికి పోతుందా?"

మరునాడు ఫోను వచ్చినది. "పోయింది భాయిజాన్! మూత తీసినాక మళ్లీ లేచింది."

దోషము డబ్బాది కాదు. ఆ నమూనాలో ట్యాంకు గాలి పీల్చేది ఆ గొట్టము ద్వారానే. పెట్రోలు దిగుతున్నకొద్దీ ఆ జాగాలోనికి గాలి చేరవలె. చేరకపోతే పెట్రోలు దిగదు. వెనుకటి యజమాని ట్యాంకు విప్పి మళ్లీ పెట్టినప్పుడు గొట్టము దాని కింద నలిగి ఉండినది. జానెడు రబ్బరు గొట్టము మార్చితే సరిపోయినది. డబ్బా పీకినా, గొట్టాన్ని కోసి గాలికి వదలితే బండి నడిచేది. అందరూ డబ్బానే తిట్టేవారు.

పొద్దుటి చోక్ బాధ మాత్రము తీరలేదు. పెట్రోలు పాలు పలుచన చేసి, ఆ స్క్రూ పైన ఇత్తడి బిళ్ల కొట్టి పంపినారు, ఎవరూ తిప్పకుండా. డ్రిల్లుతో తొలిచి తిప్పితే బాధ పోతుంది. అక్కడి చట్టము ఇటువంటి మార్పులను నిషేధిస్తున్నది గాని, కార్లకు వలె మోటారు సైకిళ్లకు పొగ పరీక్ష లేదు, తొలిచినా అడిగేవాడుండడు. మన దేశములో 2019లో సవరించిన చట్టము ప్రకారము యజమాని చేసిన ఒక్కొక్క అక్రమ మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా ఉండవచ్చును. నన్ను మాత్రము నాలుగేండ్లు ఎవరూ ఆపలేదు.

"తొలవమంటావా?" అని అడిగినాడు.

ఆ రోజు వానికి కిటికీ సంగతి చెప్పినాను. అది వానికి తెలియదు, అప్పటికే దూరదేశములో ఉన్నాడు. చాలసేపు మాటాడలేదు. తరువాత, "మూడు నిమిషాలు చోక్ పట్టుకుంటే ఏమౌతుందిలే" అన్నాడు.

ఆ నెలలోనే నేను కంపెనీ సైలెన్సరు కొని బిగించుకున్నాను. నా జీతములో మూడవ వంతు పోయినది. పికప్ మునుపటి వలెనే తక్కువ, ఆ మాట దాచను. ఈ సంగతులేవీ చెప్పకుండా షెడ్డులో నిలబడి పిల్లలను మందలించుటకు నాకు నోరు రాలేదు. కమిటీ పెద్దలు ఆలస్యాన్ని మన్నింతురు గాక.

వచ్చే సోమవారము మధ్యాహ్నము షెడ్డుకు వస్తాను. పానాలు తెస్తాను. నా బండి ఎడమవైపు చివర, వేపచెట్టు కింద ఉంటుంది.