చింతపల్లి బడిలో ఆ ఆదివారం

మాది సాలూరు. లారీల ఊరు. ఘాట్ రోడ్డు మీద పొగమంచు అలవాటే గానీ సముద్రం గాలి నాకు కొత్త. సముద్రమంటే అమ్మ కన్నవారి ఊరు చింతపల్లి, అక్కడి లైట్‌హౌస్. ఒడ్డుకు దూరంగా నీళ్లలో దాగున్న శాంతపిల్లి రాళ్లకు భీమిలి రేవుకెళ్లే ఓడలు తగలకుండా ఆ దీపాన్ని 1847లో పెట్టారు. తాతయ్య ఓ రాత్రి తెప్ప మీద దారితప్పి, ఆ వెలుగును పట్టుకునే ఒడ్డు చేరాడట. అమ్మమ్మకు ఆ దీపం మీదున్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు.

2014 అక్టోబరు 11, శనివారం. హుద్‌హుద్ తుపాను వస్తోందని జీపులో మైకు పెట్టి తిరుగుతున్నారు. తుంటి విరిగి మంచాన ఉన్న అమ్మమ్మను సాలూరు తీసుకుపోదామని వెళ్లాను. "నాను రాన్లే అమ్మీ. ఇంత గాలి నానెప్పుడూ సూడ్లేదేటి?" అంది. ఒప్పించేసరికి చీకటి పడింది. అప్పటికి ఆటో కూడా లేదు. మావయ్య, వీధిలోని కుర్రాళ్లు ముగ్గురు ఆమెను నులకమంచంతో సహా, ఊళ్లోవాళ్లు తలదాచుకుంటున్న బడి దాకా మోశారు. గాలికి మంచం పక్కకు లాగేస్తుంటే రెండుసార్లు నేల మీద దించారు. నేను టార్చి పట్టుకున్నాను, అంతే.

ఆదివారం తెల్లారేసరికి గాలి హోరు తప్ప ఏమీ వినిపించలేదు. ఫోన్లు పోయాయి. మధ్యాహ్నం వేళ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిందని, గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్లని తర్వాత తెలిసింది. లోపలున్న మాకు అదేమీ తెలియదు. ఎక్కడిదో సిమెంటు రేకు వచ్చి కిటికీకి కొట్టుకుంది. నేను అమ్మమ్మను వదిలేసి తలుపు వైపు పరుగెత్తాను. బయటికి పోతే ఏమవుతుందన్న ఆలోచనే లేదు. ఒకావిడ నా జబ్బ పట్టి వెనక్కి లాగింది, చాలాసేపు వదల్లేదు.

అమ్మమ్మకు కాలకృత్యాలు ఆగలేదు. ఇద్దరు ఆడవాళ్లు చీర అడ్డం పట్టుకున్నారు. నా చేతులు వణుకుతుంటే నన్ను వెనక్కి లాగిన ఆవిడే పాత రంగు డబ్బా పెట్టి, తడిగుడ్డతో తుడిచి, చీర మార్చింది. "మాయమ్మకీ సేసినాను, నువ్వు కూకో" అంది. నేను సిగ్గుతో ఏడ్చాను. అమ్మమ్మ కళ్లు మూసుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

సోమవారం గాలి తగ్గింది. బయట కొబ్బరి చెట్లకు తలల్లేవు. పడవలు ఒకదాని మీదొకటి ఎక్కి విరిగాయి. తమ పడవలే పోయినవాళ్లు వండిన గంజి మాకు పోశారు.

మంగళవారం నాన్న స్నేహితుడి లారీ సాలూరు నుంచి వచ్చింది. రోడ్డు మీద పడిన చెట్లను డ్రైవరు, క్లీనరు గొడ్డలితో నరుక్కుంటూ వచ్చారట. క్లీనరు అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. కిరాయి ఇస్తే తీసుకోలేదు.

అమ్మమ్మ చివరిదాకా మా దగ్గరే ఉంది. ఇప్పటికీ ఎవరైనా షట్టరు దించితే నా గుండె అదురుతుంది.

మీ ఇంట్లో మంచాన ఉన్నవాళ్లుంటే మైకు మొదటిసారి వినపడగానే, పగలే కదిలించండి. మందులు, పాత చీరలు, మూత ఉన్న డబ్బా ఒకటి సంచిలో పెట్టుకోండి. మోయడానికి నలుగురిని ముందే అడిగి పెట్టుకోండి. అడగడానికి మొహమాటపడకండి.