పడవ ఎవరిదైనా, దీవులు గూనాలవే



బ్యాగు తగిలించుకుని దేశాలు తిరిగేవాళ్లు కొలంబియా నుంచి పనామాకి తెరచాప పడవలో పోతుంటారు. మధ్యలో డేరియన్ అడవి, రోడ్డు లేదు. ఐదు రోజుల దాకా ప్రయాణం. సగం రోజులు కొబ్బరిచెట్ల దీవుల మధ్యే ఈత కొడుతూ, చేపలు కాల్చుకుంటూ గడుస్తాయి. హాస్టల్లో మేమంతా ఒకే ఫోన్లో ఆ వీడియోలు చూశాం. ఆ దీవుల్లో ఉండేదెవరా అని వెతికాం.

వాళ్లు గూనా ఆదివాసులు. ఆ నేల పేరు గూనా యాలా. మూడు వందలకు పైగా దీవులు, మనుషులుండేవి యాభై దాకా. ఆడవాళ్ల మోలా రవికెలు, ముక్కుపోగులు మాన్పించాలని పనామా ప్రభుత్వం చూస్తే 1925 ఫిబ్రవరిలో తిరగబడ్డారు. 1938లో చట్టం వాళ్ల ప్రాంతాన్ని గుర్తించింది. బయటివాళ్లు అక్కడ భూమి కొనలేరు. పడవలో వచ్చినోళ్లు గూనాలకు రుసుము కట్టాల్సిందే.

కష్టాలు వాళ్లకీ ఉన్నాయి. సముద్రం పెరుగుతోందని గార్డి సుగ్‌దుబ్ దీవి నుంచి 2024లో దాదాపు 300 కుటుంబాలు ఒడ్డుకు తరలాయి. ఒడ్డున నేల కూడా వాళ్లదే కాబట్టి పోవడానికి చోటుంది.

మనకూ 1/70 చట్టం ఉంది, పెసా ఉంది. మరి అరకు, లంబసింగి, మారేడుమిల్లి వైపు ఒకసారి చూడండి. రిసార్టు ఎవరిది? గదులు తుడిచేది ఎవరు?

మా ఇళ్లలో కాలేజీకి వచ్చిన మొదటోళ్లం మేం. టూరిస్టులు రావద్దని మేం అనడం లేదు. రానీ, చుట్టాల్లా రానీ. ఇంటివాళ్లం మాత్రం మనమే కావాలి. సెలవులకు ఊరెళ్లినప్పుడు గ్రామసభలో ఈ ఒక్క మాట అడుగుదాం: మన కొండ చూడ్డానికి కట్టే డబ్బు ఎవరి చేతికి పోతోంది?