ముప్పై రెండు తూటాలూ పేలాయి, అయితే?

కర్నూలు జిల్లా వాణ్ణి అని చెప్పగానే మా ఆఫీసులో జనం అడిగే మొదటి ప్రశ్న, "అయితే మీ ఇంట్లో బాంబులుంటాయా?" అని. 1999లో సమరసింహారెడ్డి వచ్చింది, 2002లో ఇంద్ర వచ్చింది, అప్పట్నుంచీ సీమ అంటే సుమోలు గాల్లోకి లేవడమే. మాది జిల్లాకి పడమటి కొస. ఆదోని అంటే పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు, కొండ మీద కోట. ఎమ్మిగనూరు అంటే మగ్గాలు, మాచాని సోమప్ప పెట్టిన నేత సంఘం, నీలకంఠేశ్వరస్వామి జాతర. రెండూళ్ళ మధ్య దూరం ముప్పై కిలోమీటర్లు. సుమోలు వెళ్తాయి, నేల మీదే వెళ్తాయి.

ఇంత చెప్పి ఇప్పుడు రాయబోయేది మాత్రం తుపాకీ గురించే. ఏం చేస్తాం, ఖర్మ :)

మా మామ ఉండేది ఎమ్మిగనూరు, వ్యాపారం ఆదోనిలో. పత్తి సీజన్లో చీకటి పడ్డాక డబ్బు సంచితో ఆ ముప్పై కిలోమీటర్లు వస్తాడు. ఎప్పుడో తన తోటి వ్యాపారి చేతిలో సంచి ఎవరో లాక్కుపోయారని, అప్పట్నుంచీ లైసెన్సు కోసం తిరిగాడు. కలెక్టరాఫీసు, పోలీసు ఎంక్వయిరీ అన్నీ అయ్యి, పోయిన ఏడాది పాయింట్ 32 పిస్తోలు కొన్నాడు. కంపెనీ పేరు, షాపు పేరు చెప్పను. పాయింట్ 32 ఎందుకంటే మన దేశంలో 9 ఎం.ఎం., పాయింట్ 38 లాంటివి పోలీసు, మిలిటరీ కొలతలు, మామూలు లైసెన్సుకి దొరకవు. విదేశీ పిస్తోళ్ళు 1980ల మధ్య నుంచీ మామూలు మనిషికి దిగుమతి లేదు. కాబట్టి ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఉన్నదాంట్లో ఒకటి కొనుక్కోవాలి, అది పని చెయ్యాలని దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి.

పని చెయ్యలేదు. రేంజికి తీసుకెళ్ళి కాలిస్తే మధ్యమధ్యలో ఆగిపోతోంది. షాపువాడికి ఫోను చేస్తే "కొత్తది కదా సార్, వాడగా వాడగా సెట్ అవుతుంది" అన్నాడట. ఈ మాట వినగానే నాకు మన సర్వీస్ డెస్కులే గుర్తొచ్చాయి. "ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి" అనేదానికీ దీనికీ ఏమైనా తేడా ఉందా?

"ఎన్నిసార్లు ఆగింది మామా?" అనడిగాను.

"శానాసార్లు ఆగిండాది లేరా."

"శానా అంటే? ఎన్ని కాలిస్తే ఎన్నిసార్లు? ఆగినప్పుడు తూటా ఎక్కడుంది? లోపలా, బయటా, మధ్యలోనా?"

"ఏమప్పా, నీ తలకాయ్! పేల్లేదంటే పేల్లేదు. దానికి ఇన్ని ప్రశ్నలా?"

ఇందులో మామని అనాల్సిందేమీ లేదు. మన కస్టమర్లు పంపే టికెట్లు కూడా ఇలాగే ఉంటాయి కదా, "అప్లికేషన్ పనిచెయ్యట్లేదు, అర్జెంటు" అని. మిగతాదంతా మనం అడిగి తెలుసుకోవాల్సిందే. పిస్తోలు నాది కాదు, లైసెన్సు నాకు లేదు, కాబట్టి నేను దాన్ని ముట్టుకోలేదు. నా పనల్లా రేంజిలో వెనక నిలబడి నోటుపుస్తకంలో రాయడం. కాల్చింది మామ, విప్పి చూసింది అక్కడి ఆర్మరర్. రిటైరైన మనిషి, తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ చూస్తాడు.

నేను పెట్టిన నియమాలు మూడే. ఒకటి, రెండు మ్యాగజైన్ల మీదా పెయింటుతో 1, 2 అని నంబర్లు వెయ్యాలి. రెండు, తూటాల పెట్టెలు కలిపెయ్యకూడదు. మూడు, ఆగిన ప్రతిసారీ సరిచేసే ముందు ఎలా ఆగిందో చూసి చెప్పాలి. మనకి ఇది చాలా చిన్న విషయం. కానీ ఈ మూడూ లేకుండా ఎన్ని తూటాలు కాల్చినా మిగిలేది పొగ మాత్రమే.

రాయడం మొదలెట్టాక తేలిందేమిటంటే, మామ "ఆగిపోతోంది" అంటున్నది ఒక బగ్గు కాదు, మూడు.

మొదటిది, కాల్చాక ఖాళీ తొడుగు పూర్తిగా బయటికి పడకుండా పైన ఇరుక్కుని నిలబడిపోవడం. దీనికి కారణం పిస్తోలులోనే ఉండక్కర్లేదు. ఇలాంటి చిన్న పిస్తోళ్ళలో పేలుడు వెనక్కి తోసే బలంతోనే స్లైడు వెనక్కెళ్ళి తొడుగుని విసిరేస్తుంది. ఫ్యాక్టరీలో తుప్పు పట్టకుండా పూసిన గ్రీజు గడ్డకట్టి ఉన్నా, పట్టుకున్న చెయ్యి వదులుగా ఉండి పిస్తోలుతో పాటు వెనక్కి పోయినా, ఆ బలంలో కొంత వృథా అయిపోతుంది. ఆర్మరర్ గ్రీజంతా తుడిచి, సన్నగా నూనె పెట్టాడు. తర్వాత అదే మ్యాగజైన్, అదే పెట్టెలోని ఎనిమిది తూటాలు తాను కాల్చి చూపించాడు. ఒక్కటీ ఇరుక్కోలేదు. మళ్ళీ మామ కాలిస్తే ఒకటి ఇరుక్కుంది. మణికట్టు బిగించి పట్టుకోమన్నాడు. మామకి కొంచెం కోపమొచ్చింది కానీ, ఆ తర్వాత ఇరుక్కోలేదు.

రెండోది అసలైన గమ్మత్తు. మ్యాగజైన్లో మూడో నాలుగో తూటా దగ్గర పైకి రాకుండా బిగుసుకుపోవడం. నోటుపుస్తకం చూస్తే ఇలాంటివి నాలుగు, అందులో మూడు 2వ నంబరు మ్యాగజైన్లోనే. ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. పాయింట్ 32 ఏ.సి.పి. తూటా జాన్ బ్రౌనింగ్ తయారుచేసింది, 1899లో వచ్చింది. అప్పటి ఆలోచన ప్రకారం దీని అడుగు అంచు, ఒంటి కంటే కాస్త బయటికి ఉంటుంది. వ్యాసంలో తేడా సుమారు అర మిల్లీమీటరు. మ్యాగజైన్లో తూటాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నప్పుడు పై తూటా అంచు, కింది తూటా అంచుకి ముందు ఉండాలి. వెనక పడిందా, పైది ముందుకి పోబోయి కిందిదాని అంచుకి కొక్కెంలా తగులుకుంటుంది. ఇక రెండూ కదలవు. చెయ్యి విదిలిస్తే పోయే రకం కాదు, మ్యాగజైన్ బయటికి తీసి తూటాలు దింపుకోవాల్సిందే. నూట ఇరవై ఏళ్ళ కిందటి డిజైను నిర్ణయం ఒకటి ఇవాళ ఎమ్మిగనూరులో మా మామని సతాయిస్తోందన్నమాట. లెగసీ కోడ్ అంటే ఇదీ!

నాలుగింట్లో ఒకటి మామ తూటాలు ఎక్కించిన తీరు వల్ల. మరి మిగతా మూడూ 2వ నంబరులోనే ఎందుకు? ఆర్మరర్ రెండు మ్యాగజైన్లూ పక్కపక్కన పెట్టి వెలుతురుకి ఎత్తి చూశాడు. రెండోదాని పై పెదవి ఒకటి కొంచెం లోపలికి వంగి ఉంది. మామ వెంటనే "ఆకురాయితో రోంత రుద్దితే సరిపోదా?" అన్నాడు. "ముట్టుకోవద్దు. వెనక్కిచ్చి కొత్తది తెచ్చుకోండి" అన్నాడాయన. ప్రొడక్షన్ సర్వర్లో చేత్తో ఫైలు ఎడిట్ చేసేవాళ్ళందరూ ఈ మాట గోడకి అంటించుకోవాలి.

మూడోది, గుర్రం పడుతుంది, టిక్కుమంటుంది, పేలదు. ఇలా జరిగినప్పుడు మొదట చెయ్యాల్సింది పరీక్ష కాదు, ఆగడం. పిస్తోలు ముందుకే పెట్టి కనీసం ముప్పై సెకన్లు కదలకుండా ఉండాలి. ఒక్కోసారి తూటా ఆలస్యంగా పేలుతుంది. ఆ తర్వాత తూటా బయటికి తీసి వెనక ఉన్న ప్రైమర్ మీద గుంట చూడాలి. గుంట పైపైన ఉంటే పిన్నుదో స్ప్రింగుదో తప్పు. గుంట లోతుగా పడి కూడా పేలలేదంటే తప్పు తూటాది. మా మామ తూటాలకి గుంటలు బాగానే పడ్డాయి. రెండూ ఒకే పెట్టెలోవి. ఆ పెట్టె వానాకాలమంతా నీళ్ళు కారే గోడ పక్కన బీరువాలో ఉందని అత్త చెప్తే తెలిసింది. ఆ పెట్టె పక్కన పెట్టేశాం.

యంత్రం ఒకటే, కారణాలు మూడు: మనిషి చెయ్యి, మ్యాగజైన్ రేకు, తడిసిన తూటాలు. అసలు పిస్తోలులో దోషం దొరకనేలేదు. ఇదేమీ వింత కాదు. 1960లలో వియత్నాంలో అమెరికా సైనికుల చేతిలో ఎం-16 తుపాకులు ఆగిపోయి ఎంతోమంది చచ్చిపోయారు. 1967లో వాళ్ళ పార్లమెంటు కమిటీ విచారిస్తే తేలిన ముఖ్య కారణాల్లో ఒకటి, తుపాకీని తయారుచేసి సరిచూసింది ఒక రకం మందుతో, సైన్యానికి తూటాల్లో పోసి పంపింది ఇంకో రకం మందు. పైగా దీనికి శుభ్రం చెయ్యక్కర్లేదని ప్రచారం, చేసుకోవడానికి సామాను కూడా చాలామందికి ఇవ్వలేదు. టెస్ట్ చేసింది ఒకటి, రిలీజ్ చేసింది ఒకటి. మనకి తెలియని కథేం కాదు. కాకపోతే మన బగ్గుకి ఎవడూ చచ్చిపోడు.

సరే, కొత్త మ్యాగజైన్ వచ్చింది, కొత్త పెట్టె వచ్చింది. ఈసారి నాలుగు మ్యాగజైన్లు నింపి ముప్పై రెండు కాల్చాడు. ముప్పై రెండూ పేలాయి. "అయిపాయ! ఇంగ భయం లేదు" అని మామ నా వీపు మీద ఒకటి చరిచాడు.

నేను రాయాలనుకున్న అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది.

స్టాటిస్టిక్స్‌లో మూడు సూత్రం అని ఒకటుంది. ఎన్ని పరీక్షలు చేసినా ఒక్కటీ ఫెయిల్ కాలేదనుకోండి, మూడుని ఆ సంఖ్యతో భాగించండి. నూటికి 95 పాళ్ళ నమ్మకంతో చెప్పగలిగేది, అసలు ఫెయిల్యూర్ రేటు అంతకంటే ఎక్కువ ఉండదని మాత్రమే. మూడు బై ముప్పై రెండు అంటే నూటికి తొమ్మిది పైనే. అంటే మామ సంతోషంగా వీపు చరిచిన రోజున మనకి తెలిసిందల్లా, ఈ పిస్తోలు వంద తూటాలకి తొమ్మిదిసార్ల కంటే ఎక్కువ మొరాయించకపోవచ్చు అని. నూటికి ఒకటి కంటే తక్కువ అని చెప్పాలంటే వరసగా మూడొందలు కాల్చాలి, ఒక్కటీ ఆగకూడదు. మధ్యలో ఒకటి ఆగితే లెక్క మారిపోతుంది.

మూడొందలు ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఎన్ని తూటాలు కొనాలో లైసెన్సు మీదే రాసుంటుంది. కొన్నవన్నీ పరీక్షకే కాల్చేస్తే సంచిలోకి ఏం మిగులుతాయి? ఎన్నికలొస్తే పిస్తోలు స్టేషన్లో జమ చెయ్యమంటారు, తిరిగొచ్చాక అది ఎలా ఉందో మళ్ళీ చూసుకోవాలి. ఈ ఆంక్షలు తప్పని నేననను. తూటాలు కిరాణా కొట్లో దొరికే ఊరు నాకొద్దు. పెళ్ళిళ్ళలో గాల్లోకి కాల్చేవాళ్ళ కోసం 2019లో చట్టం మార్చి రెండేళ్ళ దాకా జైలు పెట్టారు, మంచిదే. కానీ దీని అర్థం ఒకటుంది. మన దేశంలో మామూలు లైసెన్సుదారు దగ్గరున్న పిస్తోలు, సరిగ్గా టెస్ట్ చెయ్యడానికి వీల్లేని సాఫ్ట్‌వేర్ లాంటిది. అదీ ఒక్కసారే, అత్యంత ఘోరమైన లోడ్ మీద నడవాల్సిన సాఫ్ట్‌వేర్.

ఇంకో లెక్క. తూటాకి నూటికి రెండే ఆగుతాయనుకుందాం, అది మంచి అంకెలా కనిపిస్తుంది. ఎనిమిది తూటాల మ్యాగజైన్ ఎక్కడా ఆగకుండా పూర్తయ్యే అవకాశం నూటికి 85. మిగతా పదిహేనుసార్లు ఎక్కడో ఒకచోట ఆగుతుంది. చీకట్లో, చేతులు వణుకుతుండగా, అది ఇరుక్కున్న తొడుగో కొక్కెం పడ్డ తూటానో చూసి సరిచెయ్యడానికి వెనకాల ఆర్మరర్ ఉండడు, నోటుపుస్తకం పట్టుకుని నేనూ ఉండను.

ఈ లెక్కంతా మామకి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే పారేయమంటావా?" అన్నాడు.

పారెయ్యమని కాదు. పిస్తోలు లేనప్పుడు ఆయన ఏం చేసేవాడో అత్తే గుర్తు చేసింది. అప్పుడు డ్రైవరు తోడుండేవాడు. పొద్దు వాలకముందే ఆదోని దాటేవాడు. సంచి బరువైతే ఆ రాత్రి అక్కడే ఉండిపోయేవాడు. పిస్తోలు వచ్చాక డ్రైవర్ని మాన్పించాడు, తొమ్మిదింటికి ఒక్కడే బయల్దేరుతున్నాడు. "ఇది ఇంట్లోకి వచ్చినాక నాకు నిద్ర ల్యాకపాయ. అది వచ్చింది భయం పోనీకి. ఈయనకి పోయింది, నాకొచ్చింది" అంది. నా మూడు సూత్రం కంటే ఆ మాటే బాగా తగిలింది మామకి.

మనం దీన్ని వేరే మాటల్లో చెప్పుకుంటాం. బ్యాకప్ ఉంది కదా అని జాగ్రత్తలు తీసేసిన సిస్టం, బ్యాకప్ లేని సిస్టం కంటే ప్రమాదం. బ్యాకప్ ఎప్పుడూ రీస్టోర్ చేసి చూడకపోతే మరీను.

ఇప్పుడు మామ రైతులకి ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం బ్యాంకు ద్వారానే పంపిస్తున్నాడు. కొందరు చేతికే కావాలంటారు, వాళ్ళకి పగలే ఇస్తున్నాడు. డ్రైవరు తిరిగొచ్చాడు, జీతం పెంచాక :) తూటాలు పొడిచోట ఉంటున్నాయి, పెట్టె మీద కొన్న తేదీ ఉంటోంది. 2వ నంబరు మ్యాగజైన్ వెనక్కి తీసుకోవడానికి షాపువాడు నెలన్నర తిప్పించుకున్నాడు, అది వేరే గోల.

తుపాకీ ఉండాలా వద్దా అన్న పెద్ద చర్చ జోలికి నేను పోను. భయం ఉన్నవాడికి బయటివాళ్ళు నీతులు చెప్పడం తేలిక. నేననేది ఒక్కటే. కొన్నవాళ్ళు ముందు మ్యాగజైన్ల మీద నంబర్లు వెయ్యండి, ఆగిన ప్రతిసారీ రాసుకోండి, ఇంట్లో ఆకురాయి పట్టుకోకండి, లైసెన్సున్న మెకానిక్కుకే చూపించండి. అన్నీ సరిగ్గా పేలిన రోజున మూడుని ఆ సంఖ్యతో భాగించండి. వచ్చిన అంకె ఒక కాగితం మీద రాసి లైసెన్సు పుస్తకంలో పెట్టుకోండి. రాత్రి తొమ్మిదింటికి ఒంటరిగా బయల్దేరే ముందు తీసి చదువుకోవడానికి పనికొస్తుంది.