జాగిలం ఆగిన చోట

జిల్లా పేజీలో నేరవార్తకు ఒక బాణీ ఉంది. "పోలీసుల కథనం ప్రకారం" అని ఎత్తుకుంటుంది. పోయినవాడు ఎప్పుడూ అనుమానాస్పద స్థితిలోనే పోతాడు. పొడిచినవాడు క్షణికావేశంలోనే పొడుస్తాడు. క్లూస్ టీం వచ్చి వేలిముద్రలు తీసుకుంటుంది. ఆ తర్వాత జాగిలం వస్తుంది. ఇంటి చుట్టూ ఓసారి తిరిగి, పెరటి దారిన బయటపడి, బస్టాండు దాకానో హైవే దాకానో వెళ్లి అక్కడ ఆగిపోతుంది. జాగిలం తిన్నగా వెళ్లి హంతకుడి పంచె పట్టుకున్న వార్త ఇన్నేళ్లలో నా కంటపడలేదు. అయినా మర్నాడు పేపరు పడగానే వేళ్లు ఆ పేజీకే పోతాయి. ముఖ్యమంత్రిగారి ఢిల్లీ పర్యటన తీరిగ్గా చదువుకోవచ్చు, ముందు ఆ కేసు ఏమైందో తెలియాలి.

ఈ యావ టీవీతో వచ్చింది కాదు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ కోసం అద్దె పుస్తకాల షాపుల చుట్టూ తిరిగిన జాతి మనది. యుగంధర్ మర్యాదస్థుడు, ఆఖరి పేజీలోగా హంతకుణ్ణి పట్టి మన చేతిలో పెట్టేవాడు. నిజం కేసులు కూడా అలాగే ముగియాలని మనకు అప్పుడే అలవాటు పడిపోయింది.

మా మేనత్త సంగతి చెప్పాలి. భోజనాల దగ్గర ఎవరైనా నెత్తురు మాట ఎత్తితే "అన్నం ముందు ఏం మాటలురా అవి" అని కసిరే మనిషి. టీవీలో నేరాలు-ఘోరాలు వచ్చే వేళకు మాత్రం వంటింట్లో లైటు ఆర్పేసి, పీట ముందుకు జరుపుకుని, ఒళ్లో చాట పెట్టుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చునేది. తెర మీద ఎవడో గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టగానే "వీడే" అనేది.

"అప్పుడే ఎలా చెప్తావత్తా?"

"చెప్పులు విప్పకుండా లోపలికొచ్చాడు చూడు. మనిషి మనసు మనసులో లేదు."

చాలాసార్లు ఆవిడ చెప్పినవాడే దొరికేవాడు. తప్పితే మాత్రం ఆ పోలీసులకు సరిగ్గా చేతకాలేదనేది. నీకెందుకీ గోలంతా అని అడిగితే, "తెలుసుకోవద్దూ, లోకం ఎలా ఉందో!" అని తిరిగి నన్నే అడిగేది. కార్యక్రమం అవగానే లేచి వీధి తలుపు గడియా పెరటి తలుపు గడియా రెండోసారి లాగి చూసుకునేది. సగం జాగ్రత్త, సగం కాలక్షేపం. రెండింటికీ హద్దు ఎక్కడో ఆవిడకూ తెలియదు, మనకూ తెలియదు.

ఇంకో సంగతి కూడా ఉంది, అంత ముచ్చటైనది కాదు. ఎక్కడైనా హత్య జరిగిందనగానే మన నోట వచ్చే మొదటి మాట "అయ్యో" అయితే, రెండోది "ఏ ఊరట? ఎవరి తాలూకట?" ఊరు దూరమై, ఇంటిపేరు మనకు తెలియనిదైతే ప్రాణం కుదుటపడుతుంది. ఆ పిల్ల అంత రాత్రప్పుడు అక్కడికెందుకు వెళ్లింది, ఆ పెద్దమనిషి ఇంట్లో అంత డబ్బెందుకు పెట్టుకున్నాడు అని పోయినవాళ్ల మీదే ఏదో ఒక తప్పు వేస్తే మరీ నిశ్చింత. ఆ తప్పు మనం చెయ్యం గనక మనకేమీ కాదన్నమాట!

తెలుగు సినిమా ఇంకా మద్రాసులోనే ఉన్న రోజుల్లో ఆ ఊరిని ఊపేసిన కేసొకటి ఉంది. లక్ష్మీకాంతన్ అనే ఆయన సినిమావాళ్ల గుట్లు రాసే పత్రిక నడిపేవాడు. తిట్టుకుంటూనే అందరూ కొని చదివేవాళ్లు. 1944 నవంబరు 8న వేపేరిలో రిక్షాలో పోతుంటే ఆయన్ని కత్తితో పొడిచారు. మర్నాడు పోయాడు. తమిళ తెరను ఏలుతున్న త్యాగరాజ భాగవతార్‌నీ, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్‌నీ, దర్శకుడు శ్రీరాములు నాయుడినీ అరెస్టు చేశారు. ఊళ్లవాళ్ల కబుర్లు అమ్ముకున్నవాడు తానే ఊరికి కబురైపోయాడు. నాయుడుగారు విచారణలోనే బయటపడ్డారు. మన ఎన్టీఆర్, భానుమతిలతో 'అగ్గిరాముడు' తీసింది ఆయనే. మిగతా ఇద్దరికీ యావజ్జీవం పడింది. తమాషా ఏమిటంటే, భాగవతార్ జైల్లో ఉండగానే ఆయన 'హరిదాస్' మద్రాసు బ్రాడ్వే థియేటర్లో మూడో దీపావళి కూడా చూసింది. బయట జనం ఆయన పాటలకు తలలూపుతున్నారు, ఆయన లోపల ఉన్నాడు. కేసు లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా పోయి, తిరిగి మద్రాసు హైకోర్టుకొచ్చి, 1947 ఏప్రిల్లో ఇద్దరూ నిర్దోషులని తేలింది. కృష్ణన్ మళ్లీ నిలదొక్కుకున్నాడు. భాగవతార్ వల్ల కాలేదు. అంత పేరున్న మనిషి 1959లో పోయేనాటికి పాత వైభవంలో పిసరు కూడా తిరిగి రాలేదు. అరెస్టును పండగలా చెప్పుకున్న ఊరికి, విడుదల నాటికి ఆ ఉత్సాహం లేకపోయింది.

బొంబాయి నానావతి కేసు దీనికి తలకిందులు. 1959లో భార్య ప్రియుణ్ణి కాల్చిన ఆ నేవీ కమాండర్ పక్షాన ఊరు ఊరంతా నిలబడి తీర్పు దాకా వెంట నడిచింది. వీధుల్లో నానావతి రివాల్వర్లని బొమ్మ తుపాకులు అమ్మారు. పావలా 'బ్లిట్జ్' పత్రిక రెండు రూపాయలు పలికింది. జ్యూరీలో తొమ్మిది మందికి ఎనిమిది మంది నిర్దోషి అన్నారు. హైకోర్టు, సుప్రీంకోర్టు కాదన్నాయి. జనం ఆఖరుదాకా చూశారు నిజమే, కానీ తీర్పు మాత్రం ముందే రాసిపెట్టుకుని కూర్చున్నారు.

మన దగ్గరికొద్దాం. 2007 డిసెంబరు 27న విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. రాష్ట్రంలో ప్రతి టీ కొట్టూ ఆ కేసు దర్యాప్తు చేసింది. మరుసటి ఏడు పోలీసులు ఒక కుర్రాణ్ణి పట్టుకొచ్చి మీడియా ముందు నిలబెట్టారు. అమ్మయ్య అనుకున్నాం. ఆ జాగిలంలాగే మన కుతూహలమూ ఆ కుర్రాడి దగ్గరికెళ్లి ఆగిపోయింది. వీడు కాదు, వీడు కాదు అని ఆ పిల్లను కన్నవాళ్లే మొత్తుకుంటూ వచ్చారు. విన్నదెవరు? 2010లో కింది కోర్టు పద్నాలుగేళ్ల శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ కుర్రాడు నిర్దోషి అని వదిలేసింది. అప్పటికి ఎనిమిదేళ్లు దాటి జైల్లో గడిచిపోయాయి. పట్టుబడ్డ రోజున ఎన్ని ఛానళ్లు గంటల తరబడి చూపించాయో గుర్తుంది. విడుదలైన రోజున అంతలేసి చర్చలు నాకు గుర్తు లేవు.

ఇప్పుడు అరెస్టు దాకా కూడా ఆగక్కర్లేదు. ఫోన్లో ఎర్ర సున్నా చుట్టి, బాణం గుర్తేసి, హంతకుడెవరో సాయంత్రానికే చెప్పేస్తున్నారు. కేరళ కూడత్తాయిలో ఒకే కుటుంబంలో వరసగా జరిగిన ఆరు చావుల కేసు కోర్టులో నడుస్తుండగానే 2023 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో డాక్యుమెంటరీ వచ్చేసింది. బాగా తీశారు. నేనూ ఏకబిగిన చూసేశాను, పళ్లెంలో అన్నం ఎండిపోయేదాకా.

చూడొద్దని చెప్పే అర్హత నాకు లేదు. మా మేనత్త ఉంటే ఆవిడ అసలు విననే వినదు. ఒక్కటే అడుగుతాను. ఏదైనా కేసు వెంటపడితే అరెస్టు దగ్గర పేపరు మడిచెయ్యకండి. కొన్నేళ్లకు తీర్పొస్తుంది. లోపలి పేజీలో, కింది మూలన, శ్రద్ధాంజలి ప్రకటనల పక్కన సింగిల్ కాలమ్‌లో వేస్తారు. వెతుక్కుని అది కూడా చదవండి.