నాన్నగారి పంట్లాం

మా నాన్నగారు జీవితంలో ఒకే ఒక్కసారి పంట్లాం తొడుక్కున్నారు. అదీ నా బలవంతం మీద, నడిసముద్రంలో.

మాది భోపాల్‌పట్నం. బస్తర్ అడవుల నైరుతి కొసన, ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటికి చేరువలో ఉన్న చిన్న ఊరు. తెలుగు, గోండి, హిందీ మూడూ ఒకే అంగట్లో వినిపిస్తాయి. నాన్నగారు అక్కడే బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. పంచె, పొట్టిచేతుల చొక్కా, భుజాన కండువా: ఈ వేషంతోనే పాఠాలు చెప్పారు, పెళ్ళిళ్ళకు వెళ్ళారు, అధికారుల ఎదుట కూర్చున్నారు.

2022 జూన్‌లో విశాఖపట్నం నుండి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి ఒక విహారనౌక వెళ్తుందని తెలిసింది. సముద్రం చూడాలన్నది ఆయన చిరకాల వాంఛ. అప్పటికి ఆయనకు డెబ్బై ఆరేళ్ళు. ఆలోచించకుండా టిక్కెట్లు కొన్నాను.

ప్రయాణికులకు సూచనల కాగితం వచ్చింది. ఆంగ్ల సాహిత్యం చదివి, అనువాదాలు చేసుకుని బ్రతికేవాణ్ణి కనుక దాన్ని చదివే బాధ్యత నాదే అయింది. రాత్రి భోజనశాలకు ‘స్మార్ట్ కాజువల్’ దుస్తుల్లో రావాలని ఉంది. ఈ మాటకు తెలుగు చెప్పమంటే నేటికీ నాకు చేతకాదు. మొదటి పదం ముస్తాబు కమ్మంటుంది, రెండవది అక్కరలేదంటుంది. నిక్కర్లు, రబ్బరు చెప్పులు వద్దని మాత్రం స్పష్టంగా ఉంది. పంచె ప్రసక్తే లేదు. ఆ మౌనాన్ని నేను నిషేధంగా అనువదించుకున్నాను.

నా భయానికి ఆధారాలు లేకపోలేదు. చిత్రకారుడు హుస్సేన్‌ను 1988లో బొంబాయి విల్లింగ్డన్ క్లబ్బు వారు చెప్పులు లేవన్న కారణంతో లోనికి రానివ్వలేదు. 2014 జులైలో చెన్నైలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తినే, పంచె కట్టుకుని వచ్చారని ఒక క్రికెట్ క్లబ్బు గుమ్మం దగ్గర ఆపారు. మరుసటి నెలలోనే తమిళనాడు శాసనసభ అటువంటి ఆంక్షలను నేరంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. న్యాయమూర్తికే దిక్కులేని చోట బడిపంతులును ఎవరు లెక్కచేస్తారు?

తీరా చూస్తే ఓడల వ్యవహారం వేరు. క్యూనార్డ్ వంటి పాతకాలపు కంపెనీ వారు కొన్ని విందు రాత్రులకు ఇప్పటికీ నల్లకోటు, విల్లు టై కోరుతారు. అది ఇష్టం లేనివారికి అదే ఓడలో వేరే భోజనశాలలు చూపుతారు. నార్వీజియన్ కంపెనీ 2000లోనే ఆ పట్టుదల వదులుకుంది. సెలెబ్రిటీ వారు 2015లో తమ విందు రాత్రుల నియమాన్ని సడలించారు. డబ్బు చెల్లించి, మరి నాలుగు రోజులు తమ మధ్యనే ఉండే అతిథిని గుమ్మంలో నిలబెట్టి కాదనడం ఏ వడ్డనవాడికైనా కష్టమే. కాగితం మీది ఆజ్ఞ గుమ్మం దగ్గరకు వచ్చేసరికి విన్నపమవుతుంది. దాన్ని అమలు చేసే పని చాలావరకు గదిలో, అద్దం ముందు, ప్రయాణికుడే చేసుకుంటాడు. మా గదిలో ఆ పని నేను చేశాను.

మొదటి రాత్రి నాన్నగారు కొత్త పంట్లాం, బెల్టు, బూట్లతో భోజనానికి కూర్చున్నారు. చెయ్యి మాటిమాటికీ భుజం మీద లేని కండువాను వెదుకుతోంది. “ఒరేయ్, దీన్ని ఎప్పుడు విప్పవచ్చురా?” అని మెల్లగా అడిగారు. పక్క బల్ల దగ్గర ఒక కుర్రవాడు నిక్కరుతో, రబ్బరు చెప్పులతో బిర్యానీ తింటున్నాడు. వడ్డించేవాడు వినయంగా వాడి గ్లాసులో నీళ్ళు పోస్తున్నాడు. నాన్నగారు వాణ్ణి చూశారు, నన్ను చూశారు. ఏమీ అనలేదు. తరగతిలో కూడా ఆయన పెద్ద తప్పులకు మాట్లాడేవారు కాదు.

రెండో రాత్రి ఆకలి లేదన్నారు. గదిలోనే ఉండి, అమ్మ కట్టి ఇచ్చిన సున్నుండలు తిన్నారు.

నాకు గాంధీ గుర్తుకు వచ్చాడు. 1888లో లండన్ వెళ్ళే ఓడలో పద్దెనిమిదేళ్ళ ఆ యువకుడు నల్లసూటు వేసుకుని, ముళ్ళగరిటె వాడడం తెలియక భోజనశాలకు పోకుండా, వెంట తెచ్చుకున్న మిఠాయిలు, పండ్లతో గదిలోనే గడిపాడు. దిగేటప్పుడు తొడుక్కోవాలని దాచుకున్న తెల్లసూటు తీరా ఆ రేవులో తనకొక్కడికే ఉంది. ఆయనే 1931లో కొల్లాయి, శాలువాలతో మళ్ళీ ఓడ ఎక్కి, ఆ వేషంతోనే ఇంగ్లండు రాజును కలిశాడు. నడుమ నలభై మూడేళ్ళు పట్టింది. నాన్నగారికి అంత వ్యవధి లేదు.

మొదటే చేయవలసిన పని అప్పుడు చేశాను: వెళ్ళి అడిగాను. వడ్డించే అబ్బాయి కేరళవాడు. పంచె కట్టుకుని రావచ్చునా అంటే వింతగా చూసి, “మా నాన్న కూడా కట్టుకుంటారు సార్” అన్నాడు హిందీలో.

మూడో రాత్రి ఆ అబ్బాయే కుర్చీ లాగి నాన్నగారిని కూర్చోబెట్టాడు. ఆయన పెరుగన్నం రెండుసార్లు అడిగి తిన్నారు. నేను బాగా తినలేకపోయాను.

ఆ పంట్లాం ఇప్పుడు మా పెరటి మొక్కజొన్న మడిలో ఉంది. అమ్మ దానిలో గడ్డి కూరి దిష్టిబొమ్మకు తొడిగింది. సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు నాన్నగారు అప్పుడప్పుడు అటు చూసి, “వాడికి బాగా నప్పిందిరా” అంటారు.