డిస్కునకు జోడు

పాత సామానులు కొనువాడు వీధిలో కేక వేయగానే అటకమీది వస్తువులను దింపి తూకమున కిచ్చుట మన యాడువారికి చిరకాలముగ నున్న యలవాటు. విఱిగిన కుర్చీ, చిల్లుపడిన గంగాళము, పాత పత్రికలు, వానితోపాటు ఈ దినములలో చెడిపోయిన కంప్యూటరును గూడ వాని గోనెసంచిలో వేయుచున్నాము. మేమును అట్లు ఇచ్చినవారమే. అట్టి మేము, ఎవరో తూకమున కిచ్చివేసిన పాత డిస్కు నొకదానిని వెదకుచు, ఒక శీతకాలమంతయు హైదరాబాదు పాతబస్తీలోను దాని చుట్టుపట్లను తిరుగవలసి వచ్చెను. ఆ సంగతి చెప్పెదము. చదువు సోదరీమణులలో ఒక్కరికైన పనికివచ్చునేమో.

మే మిద్దఱము అక్కచెల్లెండ్రము. మా పుట్టినిల్లు లాల్‌దర్వాజకు దక్షిణమున పల్లపు వీధిలో నున్నది. మా అమ్మకు చదువు రాదు. కాని బతుకమ్మ పాటలు, మంగళహారతులు, తొట్టెలపాటలు, అప్పగింతల పాటలు ఆమెకు వచ్చినన్ని మా వాడలో మఱియెవరికిని రావు. బతుకమ్మను రాష్ట్రపు పండుగగా జరిపిన మొదటి సంవత్సరమున, అనగా 2014 లో, మాలో చిన్నది అమ్మను గద్దెమీద కూర్చుండబెట్టి, ఆమె పాడుచుండగ ఫోనులో బొమ్మతోకూడ పట్టి, కంప్యూటరులోనికి ఎక్కించినది. పాటల నడుమ అమ్మ మాటలును గలవు. సకినముల పిండికి నువ్వు లెన్ని, వాము ఎంత యని ఒకచోట చెప్పును. ఇంకొకచోట గౌరమ్మ పాట నడుమ నాపి, "పొయ్యి మీద పాలు పెట్టిన, జెర చూడుండ్రి" అని కేక వేయును. 2019 లో అమ్మ మమ్ము విడిచిపోయినది. ఆ ఫోను అంతకు ముందే పాడైపోయెను. ఇక మిగిలినది కంప్యూటరులోని డిస్కు ఒక్కటియే. అంతటి వస్తువును ఒక్కచోటనే యుంచి నిశ్చింతగ నుండుట మా తెలివితక్కువ, దానిని దాచుకొనము.

2020 అక్టోబరు 13 వ తేదీ రాత్రి నగరమున కురిసిన వాన పాఠకులలో ననేకులకు జ్ఞాపకముండును. ఆ వారమున పాతబస్తీ దక్షిణ భాగమున ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట వైపు పల్లపు కాలనీలు మునిగిపోయినవి. 1908 నాటి మూసీ వరదను గూర్చి పెద్దలు చెప్పగా వినియుంటిమి గాని, ఇంటిలోనికి నీరు వచ్చుట యన నేమో ఆ రాత్రి తెలిసికొంటిమి. కంప్యూటరు బల్లమీద నుండుటచే తడియలేదు. అమ్మ చల్లని చూపే యనుకొంటిమి. రెండు దినముల పిమ్మట కరెంటు వచ్చెను. వచ్చుటతోడనే దీపములు కన్నులు మిఱుమిట్లు గొలుపునట్లు వెలిగినవి, పంకా పిచ్చిపట్టినట్లు తిరిగినది, కాలిన వాసన వచ్చినది. తరువాత నంతయు చీకటి. ఆ యేడు అధికాశ్వయుజము వచ్చుటచే పండుగ ఆలస్యమై, సద్దుల బతుకమ్మ అక్టోబరు 24 న బడినది. ఆనాడు తంగేడు, గునుగు పూలు పేర్చి, అమ్మ పాట విందమని కొత్త పెట్టెకు ఆ డిస్కును తగిలించి చూడగా అది తిరుగనే లేదు. చెవి యానించి వింటిమి. రాయివలె నుండెను.

ఆ దినములు కరోనా దినములు. ఎక్కడికిని పోలేక డిస్కును అమ్మ పట్టుచీర మడతలో బెట్టి బీరువాలో దాచితిమి. ఏడాది గడచిన తరువాత సికిందరాబాదు పార్కులేనులో చినాయ్ ట్రేడ్ సెంటరు అను కంప్యూటరు దుకాణముల పుట్టలోనికి పోయి, అంతస్తు వెంట అంతస్తు ఎక్కి దిగితిమి. కొత్త డిస్కు కొనుమన్నవారే గాని పాతదానిని తిప్పెదమన్నవారు లేరు. పోయిన సమాచారమును తీయుదుమని చెప్పుకొను ఒక సంస్థవారు మాత్రము నలుబది యైదువేలు అడిగి, సగము ముందుగ నీయుడనిరి. పాట వచ్చునా యని యడిగిన, చెప్పలేమనిరి. మాలో పెద్దది గాజులు తాకట్టు పెట్టుటకు సిద్ధపడెను. చిన్నది వలదన్నది. ఆ రాత్రి మే మిద్దఱము మాటలాడుకొనలేదు.

పత్థర్‌గట్టి వెనుక సందులో ఒక వృద్ధుడు కలడని పొరుగింటివారు చెప్పిరి. ఆయన తండ్రి గడియారములు బాగుచేసెడివాడట. ఆ తండ్రి కంటిలో బెట్టుకొనిన భూతద్దమునే యీయన పెట్టుకొని కంప్యూటరు బోర్డులు బాగుచేయుచుండెను. అందఱును చాచా అందురు కావున మేమును చాచా అంటిమి. ఆయన డిస్కును వెల్లకిల త్రిప్పి, దాని వెనుక నున్న అరచేయంత యాకుపచ్చని బోర్డును చుక్కగంటు మరలు తీసి విప్పి, మా కన్నులకు దగ్గఱగా పట్టెను. మోటారును తిప్పు చిప్పుమీద గసగస గింజంత గుంట పడియుండెను. "బోర్డు కాలినది, లోపలిది కాలలేదేమో. మీ పుణ్యము బాగున్నది" అని ఆయన ఉర్దూలో ననెను. ఇట్టి బోర్డులలో హెచ్చుకరెంటును తామే మ్రింగి చచ్చెడి డయోడులు రెండుండునట. వానితోనే పోయినచో పని పది నిమిషములది. మాది అంతటితో పోలేదు. దీనికి బోర్డే మార్చవలెను. బోర్డు విడిగ నంగడిలో దొరకదు. అదే జాతి డిస్కు ఇంకొకటి తెచ్చి దాని బోర్డు తీయవలెను. అట్లు ముక్క లిచ్చు డిస్కును ఈ వృత్తివారు డోనరు అందురు. నెత్తురు దానము చేయువారికి వాడు మాటయే!

ఇచ్చట డిస్కు స్వరూపము కొంచెము చెప్పవలెను. లోపల అద్దమువలె నున్ననైన పళ్లెములు నిమిషమునకు 5400 గాని 7200 గాని చుట్లు తిరుగును. వానిని చదువు హెడ్లు అను చిన్న ముక్కలు సన్నని చేతుల కొనల నుండి, పళ్లెమును తాకక, గాలిపొర మీద కొన్ని నానోమీటర్ల యెత్తున తేలుచుండును. మన తలవెండ్రుక మందము పదులవేల నానోమీటర్లు. కావున మూత తెఱచి చూచుట యనగా ఆ పళ్లెముల మీద బండలు దొర్లించుటయే. డిస్కు టిక్కు టిక్కు మని కొట్టుకొనుచున్నచో తఱచుగ హెడ్లు పోయినవని యర్థము, వెంటనే ఆర్పివేయవలెను. హెడ్లు మార్చుట ధూళి లేని గదిలో చేయవలసిన పని, ఆ పనిలో డోనరు డిస్కు తఱచుగ బలియైపోవును. మా కా గతి పట్టలేదు. 1956 లో ఐ.బి.ఎం. వారు తెచ్చిన మొట్టమొదటి డిస్కు యంత్రములో రెండడుగుల పళ్లెములు 50 ఉండెను. అన్నింటిలోను గలిపి పట్టినవి ఏబది లక్షల అక్షరములే. అమ్మ పాట యొక్కటియైన అందులో పట్టదు.

మఱి జోడు కుదుర్చుట యెట్లు? పైకి ఒక్కతీరుగ నున్నంత మాత్రమున చాలదు. పెండ్లికి జాతకములు చూచునప్పుడు పిల్ల చక్కనిది, పిల్లవాడు బుద్ధిమంతుడు అని యూరకుందుమా? గణము, నాడి, రాశి యని యెన్ని చూతుము! ఇచ్చటను అంతే. మాడలు సంఖ్య కలియవలెను. బోర్డుమీద అచ్చు వేసిన సంఖ్య కలియవలెను. వెస్టర్న్ డిజిటల్ డిస్కులలో అది 2060 తో మొదలగును. ఫర్మ్‌వేరు గుఱుతు, చేసిన దేశము, చేసిన తేదీ ఎంత దగ్గఱగ నుండిన నంత మేలు. ఒకే మాడలు పేరుతో ఒకే కంపెనీ రెండు మూడు తీరుల బోర్డులను వాడుటయు గలదట. మా డిస్కు ఏ కంపెనీదో చెప్పుట యనవసరము. తప్పు దానిది కాదు, కరెంటుది. దాని చీటిమీద థాయిలాండు అనియు, 2012 అనియు నుండెను. అంతకు ముందటి యేడు, 2011 లో, ఆ దేశమున గొప్ప వరదలు వచ్చి డిస్కులు చేయు కర్మాగారములు మునిగినవి. వెస్టర్న్ డిజిటల్ వారిది గూడ ఆగిపోయెను. లోకమంతట డిస్కులకు ధర పెరిగెను. కంప్యూటరు కొన్ననాడు ఇంత వెల యేమని మా నాయన గొణిగినది అందుకేనని ఇప్పుడు తెలిసినది. అక్కడి వరదచే ప్రియమైన వస్తువు ఇక్కడి వరదచే మూగవోయినది.

చాచా ఆ సంఖ్యలను చీటిమీద వ్రాసి యిచ్చెను. దానిని కొంగున ముడివేసికొని తిరిగితిమి. పాత సామానుల వీధులు, తుక్కు దుకాణములు, కోఠీలో గుజరాతీ గల్లీ, అన్నియు నైనవి. ఆడువారు డిస్కు చీటి చదువుచుండుట చూచి నవ్వినవారు కొందఱు. స్టూలు వేసి కూర్చుండుడన్నవారు కొందఱు. పురానాపూల్ వైపు జుమేరాత్ బజారు పేరునకు తగినట్లు గురువారమునాడే కూడును. నేలమీద గోనెపట్టా పఱచి, తాళపుచెవులు, మిక్సీ మోటారులు, కొళాయి తలలు, ఒంటి చెప్పులు గూడ నమ్ముదురు. ఆ రాసులలో డిస్కులు ఇటుకలవలె పేర్చియుండును. మొదటి గురువారము తెచ్చినదానికి మాడలు కలిసినది, బోర్డు కలియలేదు. రెండవదానికి బోర్డు సంఖ్యలో కడపటి మూడంకెలు వేఱు. ఆ మూడంకెలు లెక్కలోనివి కావని అమ్మినవాడు ప్రమాణము చేసెను; చాచా తల యడ్డముగ నూపెను. నాలుగవ గురువారమున చిన్నది ఒక రాసి యడుగునుండి తీసిన డిస్కును చూచి నోటమాట రాక మా పెద్దదాని చేయి పట్టుకొనినది. అన్నియు కలిసినవి. తేదీ సహితము ఒక్క మాసము తేడా. ఆఱువందల రూపాయలు. బేరమాడుటకు మాకు నోరు రాలేదు.

చాచా ముందుగ ఆ డిస్కు ప్రాణముతో నున్నదో లేదో చూడవలెనని తగిలించెను. తిరిగినది. తెఱమీద చిన్నచిన్న బొమ్మలు బారులు తీరినవి. గోరింట పెట్టిన చేతులు, పూలముసుగులో పెండ్లికూతురు, ఊయలలో బిడ్డ. ఎవరిదో యొక ముస్లిము కుటుంబపు ఇల్లంతయు మా యెదుట నిలిచెను. వారు అమ్ముటకు ముందు చెఱిపితిమనియే యనుకొనిరో, డిస్కు చచ్చినదని నమ్మిరో! చెఱిపినను సాధారణముగ చెఱుగునది పట్టిక మాత్రమేననియు, పైన వేఱొకటి వ్రాయువఱకు లోపలిది లోపలనే యుండుననియు చాచా చెప్పెను. మేము తూకమున కిచ్చిన కంప్యూటరు తలపునకు వచ్చి, మాకు చెమట పట్టెను.

"పిలువని పెండ్లికి పోరాదు, మూసివేయుడు" అని పెద్దది యనినది. "చూడకున్న వారెవరో ఎట్లు తెలియును? మన అమ్మ బొమ్మలే ఇట్లు ఎవరి చేతనో పడియున్న?" అని చిన్నది. వాదము పెరిగినది. చాచా అప్పటికే తెఱను గోడవైపు త్రిప్పియుండెను. పరుల యాడువారి బొమ్మలు తాను చూడరాదని ఆయన నియమము. కడపట ఆయన భార్య లోపలినుండి వచ్చి, తా నొక్కతె కూర్చుండి, ఊరు పేరు తెలియునేమో యని చూచెను. పేరు లేదు, చిరునామా లేదు. ఒక మిద్దెమీది బొమ్మలో దూరమున చార్మినారు మాత్రము కానవచ్చినదట. పాతబస్తీలో ఎన్ని మిద్దెల మీదనుండి అది కానరాదు!

ఇక మా పనికి ఆ బోర్డు తీయవలెను. తీసినచో వారి డిస్కు మూగదగును. మేము తటపటాయించుట చూచి చాచా చిఱునవ్వు నవ్వి, హెడ్లవలె గాదు, బోర్డు మఱల బిగింపవచ్చుననెను. అయితే వట్టి బోర్డు మార్చిన చాలదు. పూర్వకాలపు డిస్కులకు చాలెడిదట. ఇప్పటివానిలో ఎనిమిది కాళ్ల చిన్న చిప్పులో ఆ డిస్కు హెడ్ల కొలతలు కర్మాగారముననే వ్రాసియుంతురు. ఏ డిస్కు కొలతలు దానివే. కాలిన బోర్డుమీది చిప్పును వేడిగాలితో ఊడదీసి డోనరు బోర్డుమీద నతుకవలెను. చాచా వారి చిప్పును తీసి, కాగితము మడతలో పెట్టి, దానిని మా చేతికిచ్చెను. ఆవగింజ కంటె కొంచెము పెద్దది. దానిని గుప్పిట బిగించి పట్టుకొని కూర్చుంటిమి.

డిస్కు తిరుగుచప్పుడు మొదట తుమ్మెద రొదవలె వచ్చినది. చాచా మాకు పాట వినిపింపక, ముందు కొత్త డిస్కులోనికి నకలు తీయవలెనని పట్టుబట్టెను. మూడు గంటలు పట్టెను. ఒక్క పాట సగములో తెగిపోయినది; తక్కినవన్నియు దక్కినవి. "పొయ్యి మీద పాలు పెట్టిన" అని అమ్మ గొంతు ఆ సందులో మ్రోగినప్పుడు మే మిద్దఱము ఒక్కసారిగ లేచి నిలుచుంటిమి. చాచా భార్యకు తెలుగు అంతగ రాదు; ఏమనుచున్నదని అడిగినది. పాలు పొంగునట అని చెప్పితిమి.

ఇప్పు డా పాటలు మాయొద్ద చెఱియొక నకలు, కరీంనగరములో పినతల్లి కూతురి యొద్ద ఒకటి యున్నవి. చాచా వారి చిప్పును వారి బోర్డున కతికి, వారి డిస్కును మఱల తిప్పి చూపి, మూట కట్టి యిచ్చెను. తరువాతి గురువారములందు అమ్మినవానిని అడుగగా, తాను గోనెసంచుల లెక్కన కొనుననియు, ఏది ఎవరి యింటిదో తనకేమి తెలియుననియు చెప్పెను. ఒక ఉర్దూ పత్రికలో ప్రకటన వేయుదమా యని చిన్నది యనుచున్నది. పెండ్లి బొమ్మలు దొరికినవని పత్రికలో వేసిన ఎందఱు వత్తురో, వారిలో సొంతవారెవరో ఎట్లు తెలియునని పెద్దది. ఆ వాద మింకను తెగలేదు. మూటమీద చాచా ఉర్దూలో ‘అమానత్’ అని వ్రాసి యిచ్చెను. మొన్న సంక్రాంతికి ఇల్లు దులిపి పాత సామానులు తూకమున కిచ్చితిమి. ఆ మూట మాత్రము అమ్మ పట్టుచీర ప్రక్కన బీరువాలోనే యున్నది.