గట్టిపడనిదే గడప దాటరాదు

మా పెద్దమ్మాయి అత్తవారింటికి పోవునప్పుడు తన పెండ్లిదండను నా చేతికిచ్చి, "అమ్మా, దీనిని పారవేయవద్దు, దాచి యుంచు" మని కోరినది. పూవులను దాచుట యెట్లు? "ఈ కాలమున రెజినులో పొదిగి పలకలు చేయుచున్నారక్కా, నీవును నేర్చుకొను" మని మా చెల్లెలు చెప్పగా ఆ పని నేర్చుకొంటిని. పూరేకులను తడి లేకుండ ఆరబెట్టి, నాలుగు తలంబ్రాల గింజలతో అచ్చులో పేర్చి, పైన ఆ ద్రవమును పోసితిని. మరునాడు అచ్చు విప్పగా పలక గాజువలె మెరయుచుండెను. ఆనాటి నా సంతోషము చెప్పనలవి కాదు. పిదప బంధువులును అడుగసాగిరి. మా పెరటి వసారా యొక చిన్న పనిశాల యైనది.

సోదరీమణులారా! ఆ పలకల సొగసు మీరెల్లరు చూచియే యుందురు. నేనిప్పుడు వ్రాయదలచినది, పలక పోయగా గ్లాసులో మిగిలినదానిని గూర్చి.

ఈ ఎపాక్సీ రెజినును ఎఱుగనివారికి ఒక మాట చెప్పెదను. విరిగిన వస్తువుల నతుకుటకు అరాల్డైట్ అను పేర రెండు గొట్టములు అంగళ్ళలో దొరకును గదా! ఒకటి జిగురు, రెండవది దానిని గట్టిపఱచు హార్డెనరు. మేము వాడునదియు ఆ జాతిదే. తయారుచేసినవారు చెప్పిన పాళ్ళలో ఈ రెండింటిని కలిపినచో లోలోపల వేడి పుట్టి, క్రమముగా రాయివలె బిగిసికొనును. పూర్తిగా బిగిసిన తరువాత దానివలన భయము లేదు. అంతకు ముందు మాత్రము అది చర్మమునకు శత్రువు. కాలువలో కలిసెనా, నీటిలోని ప్రాణులకు విషము.

ఇది తెలియకయే నేను రెండు తప్పులు చేసితిని.

ఒకనాడు లెక్క తప్పి ఎక్కువ కలిపితిని. మిగిలినదానిని ప్లాస్టికు గ్లాసుతోనే వంటింటి చెత్తబుట్టలో పడవేసితిని. అరగంట కాకమునుపే ఘాటైన వాసన వచ్చినది. పోయి చూడగా గ్లాసు మెత్తబడి క్రుంగిపోయినది, దానినుండి పొగ లేచుచున్నది. మా అత్తగారు ముక్కునకు కొంగు అడ్డుపెట్టుకొని, "ఇదేమి తల్లీ! సున్నపురాళ్ళమీద నీళ్ళు పోసినట్లు ఉడుకుచున్నదే!" యనిరి. ఆమె చెప్పిన పోలిక సరియైనదే. పలుచగా పరచిన రెజినులో పుట్టిన వేడి గాలిలో కలిసిపోవును. లోతైన గ్లాసులోనిది పోవు దారి లేక, ఆ వేడియే మఱింత వేడిని పుట్టించును. ఆనాడు బుట్టలో కాగితములు లేకపోవుట మా యదృష్టము.

రెండవ తప్పు దీనికంటె పెద్దది. పని ముగిసిన పిమ్మట జిగురంటిన గ్లాసులను, పుల్లలను తొట్టిదగ్గఱ వదలివేయుట నాకలవాటు. మా యింట పనిచేయు ఆమె వానిని ఎంగిలి గిన్నెలతోపాటు వట్టి చేతులతో తోమి, పారవేయవలసినవి పారవేయుచుండెడిది. కొన్ని వారములకు ఆమె వ్రేళ్ళ సందులు ఎఱ్ఱబడి పగిలినవి, కనుఱెప్పలు వాచినవి. "అమ్మగారూ, చేతులు నిప్పుల్లో పెట్టినట్టున్నాయండీ" యని ఆమె చూపినప్పుడు నాకు నోట మాట రాలేదు. వైద్యుని యొద్దకు తీసికొనిపోయితిని. అది గట్టిపడని రెజిను వలన వచ్చిన చర్మవ్యాధి యనియు, ఒకసారి శరీరమునకు సరిపడకపోయిన పిమ్మట ఇక ముందు ఏ కొంచెము తగిలినను మరల రావచ్చుననియు ఆయన చెప్పిరి. నాలుగిండ్ల పాచిపనితో బ్రతుకు మనిషి! పది దినములు పనికి పోలేకపోయినది. మందుల ఖర్చును, నాలుగిండ్ల కూలియు నేనిచ్చుకొంటిని. కాని ఆ చర్మమునకు మునుపటి ఓర్పును తెచ్చియిచ్చుట నా తరమా?

ఆ రాత్రి మా అత్తగారు తమ చిన్ననాటి సంగతి చెప్పిరి. పండుగకు వెల్ల వేయుటకై గుంటలో సున్నము తడిపిన దినమున వారి తల్లిగారు పీట వేసికొని అచ్చటనే కూర్చుండెడివారట. ఉడుకు చల్లారువఱకు పిల్లను గాని దూడను గాని ఆ ప్రక్కకు రానిచ్చెడివారు కారట. "కలిపినవారే కావలి కాయవలెనమ్మా" యనిరి. ఆనాటినుండి మా యింట ఒక నియమ మేర్పడినది: గట్టిపడనిదే గడప దాటరాదు.

ఇప్పుడు నేను చేయు విధానమిది. మొదట కొలత. పది సెంటీమీటర్ల పొడవు, పది వెడల్పు, ఒకటి లోతు గల అచ్చునకు 100 మిల్లీలీటర్లు చాలును. అంతకు మించి కలుపను. అయినను మిగులునేమో యని చిన్న చిన్న అచ్చులు ప్రక్కన సిద్ధముగా నుంచుకొందును. ఇంకను మిగిలినదానిని పాత ప్లాస్టికు పళ్ళెములో పలుచగా పరచి, పిల్లలకందని చోట, గాలి తగులునట్లు మూడు దినములుంచెదను. గ్లాసు వేడెక్కుట కనిపించినచో దానిపై మూత పెట్టను, బుట్టలో వేయను. ఆరుబయట సిమెంటు నేలపై నుంచెదను.

పాతబడిన సీసాలలోని జిగురును, హార్డెనరును ఎన్నడును తూములో పోయరాదు. చెప్పిన పాళ్ళలో కొంచెము కొంచెముగా కలిపి గట్టిపఱచి పారవేయవలెను. ఒక్కసారిగా అంతయు కలిపితిమా, మరల పొగయే! విడిగా ఎక్కువ మిగిలినచో, సీసాపై పేరు వ్రాసి, పాత మందులు, రంగుడబ్బాలవలె ప్రత్యేకముగా పురపాలకసంఘపు బండివారికి చెప్పి యీయవలెను. ఇటువంటి హానికరమైన వస్తువులను ఇంటిలోనే వేఱుచేయవలెనని 2016 నాటి ప్రభుత్వ నియమములలోనే చెప్పబడియుండెను.

గ్లాసులను, పుల్లలను నేనే నైట్రైలు చేతితొడుగులు వేసికొని కాగితముతో తుడిచెదను. ఆ కాగితములను విప్పి పరచి గట్టిపడనిచ్చెదను. చేతికంటినచో సబ్బుతోను నీటితోను కడుగవలెనే గాని అసిటోన్ పూయరాదు. అది చర్మమునకు మఱింత చేటు. అసిటోన్ తడిసిన గుడ్డ పొయ్యిదగ్గఱ నుండరాదు. పలక అంచులు అరగదీయునప్పుడు నీటితో తడిపి, ముక్కునకు మాస్కు కట్టుకొని, ఆ పొడిని తడికాగితముతో ఎత్తివేసెదను. ఏ ముక్కనైనను మంటలో వేయరాదు. ఆ పొగ హానికరము. బాగుగా బిగిసిన ముక్కలు పొడిచెత్తలోనికి పోవచ్చును. పాత బకెట్లవలె ఇది మరల కరగదు గనుక పాతసామానులవానికి వేయుట నిష్ప్రయోజనము.

ఇదంతయు చేయుటకు పూటకు పావుగంట కంటె ఎక్కువ పట్టదు. ఆ పావుగంటను నేను మొదటనే వెచ్చించియుండిన ఎంత బాగుండెడిది!

ఆమె ఇప్పుడు మరల మా యింట పనికి వచ్చుచున్నది. కూడములో వ్రేలాడుచున్న మా అమ్మాయి పెండ్లిపూల పలకయెదుట ఒక్కొక్కప్పుడు నిలిచి, "ఎంత బాగుందో అమ్మగారూ" యనును. బిగిసినదానివలన భయము లేదని నేనెంత చెప్పినను ముట్టుకొనదు. అట్లు చూచునంతసేపును తన రెండు చేతులను వెనుకకు పెట్టుకొనియే యుండును.